నానబెట్టిన మినపప్పు

రోజూ పిండి రుబ్బి భార్య గౌరీశ్వరి భుజం పట్టేస్తోందని, మిక్సీ కొనడానికి సన్యాసిరాజు ఆమెను ఉక్కునగరం నుంచి బస్సులో జగదాంబ సెంటర్ దగ్గర కొట్టుకు తీసుకొచ్చాడు. కొట్టతను మోటారు తిప్పి చూపిస్తుంటే ఆమె సంచిలోంచి కేరియరు గిన్నె తీసింది. నిండా నానబెట్టిన మినపప్పు.

"ఇది రుబ్బి సూపించండి. ఏ జారు పనికొత్తాదో సూసుకుంటాం."

పక్కన ఫ్రిజ్‌లు చూస్తున్నవాళ్లు నవ్వారు. వాళ్లలో సన్యాసిరాజు పనిచేసే ప్లాంటు ఫోర్‌మేన్ భార్య కూడా ఉంది. అతని చెవులు వేడెక్కాయి.

"లోపల పెట్టీ గౌరీ. పల్లెటూరోల్లం అనుకుంటారు."

"ఎద్దుని కొన్నప్పుడు మీ అయ్య కాడి కట్టి సూడనేదా బావా?"

ఈసారి కొట్టతను కూడా నవ్వాడు. "పిండికి పెద్ద జారు ఇమ్మంటారా, చట్నీల చిన్నవి చాలా?" అని అడిగాడు.

గౌరీశ్వరి నోరు తెరిచేలోగా, "చిన్నవి చాలు," అన్నాడు సన్యాసిరాజు. అక్కణ్ణించి బయటపడితే చాలనిపించింది.

బస్సులో ఆమె గిన్నె ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపే చూసింది.

ఇంటికొచ్చాక పప్పు అతనే జారులో వేశాడు. సగం కూడా పట్టలేదు. స్విచ్ వేయగానే పిండి మూత తోసుకొచ్చి చొక్కా మీద చిమ్మింది. గౌరీశ్వరి రోలు కడిగి, పప్పు అందులో పోసింది.

"జరుగు. నాను రుబ్బుతాను," అని అతను పొత్రం పట్టుకున్నాడు.

కాసేపటికి ఆమె వీధి తలుపు వైపు చూసింది. "తలుపేసెయ్యనా బావా? ఎవులైనా సూత్తే నవ్వుతారు."

"ఉండనీ," అన్నాడు తలెత్తకుండా.