మెడ లేని బావమరిది

ఫిబ్రవరి తొమ్మిదో తేదీ పొద్దున మేం తిన్నవి ఒకవైపు మాడిన బ్రెడ్డు, పచ్చసొన ఇంకా పారుతున్న ఉడకబెట్టిన గుడ్లు. మా ఇంట్లో వంట నాది. నా భార్య పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో ఎవరికీ ఒళ్ళు రాలేదు. అయితే ఆ తేదీ గుర్తుండటానికి కారణం బ్రెడ్డు కాదు. మా మనవరాలికి కారులో ఊపిరి అందని రోజు అది.

దాన్ని మేం మిరియం అంటాం. అంత చిన్నది, అంత ఘాటు. రెండేళ్ళు నిండాయి. పుట్టుకతోనే కండరాల్లో పట్టు తక్కువ. నడుం నిలవదు, మెడ నిలవదు. ఎడమ పాదం ఒక్కటి మాత్రం ఎవరి మాటా వినకుండా టకటకా ఆడుతుంది. దానికి మేనేజరుగారని పేరు పెట్టాం. వారానికి రెండుసార్లు పిల్లని ఊరి ఆ చివరనున్న ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. నేను డ్రైవర్ని. మా అమ్మాయి వెనక పిల్ల పక్కన కూర్చుంటుంది. అల్లుడికి ఓడలో ఉద్యోగం. ఆయన సెలవు మీద వచ్చినప్పుడు నాకు ఆ డ్రైవరు పదవి కూడా ఉండదు.

ఆ రోజు వంతెన ఎక్కుతుంటే వెనక నుంచి కేక వినిపించింది.

"నాన్నా, ఆపు! ఆపేయ్!"

ఆపాను. మిరియం గడ్డం గుండెకి అతుక్కుపోయి ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. మా అమ్మాయి రెండు వేళ్ళతో గడ్డం పైకెత్తింది. ఒక గురక, ఒక దగ్గు, ఆ తర్వాత ఏడుపు. అంత మంచి ఏడుపు నేనెప్పుడూ వినలేదు. వెనక వాళ్ళంతా హారన్లు కొడుతున్నారు. కొట్టుకోండి నాయనా, మా పిల్ల ఏడుస్తోంది అనుకున్నాను.

"ఇంక ఈ సీట్లో నా పిల్ల కూర్చోదు," అంది మా అమ్మాయి.

ఇల్లు చేరాక ఫిజియో ఆవిడకి ఫోన్ చేశాం. ఆవిడకి ముక్కుసూటిగా మాట్లాడటం అలవాటు.

"పిల్ల ముందుకి చూస్తూ కూర్చునే సీటు తీసేయండి. వెనక్కి తిరిగి ఉండేది కావాలి, బాగా వాలేది కావాలి. బ్రేకు పడితే తల ముందుకి విసిరిపోదు. తల, మెడ, వీపు మూడూ సీటుకే ఆనుతాయి. వాలుంటే గడ్డం కిందికి పడదు, ఊపిరికి అడ్డం ఉండదు. సీటు దొరికేదాకా తీసుకురావద్దు. అలాగని నెలల తరబడి చూడొద్దు, మెడ ఇప్పుడిప్పుడే నిలబెడుతోంది. మానేస్తే వచ్చిందంతా పోతుంది."

నేను ముప్పై ఏళ్ళు కాలేజీలో తర్కశాస్త్రం చెప్పినవాణ్ణి. అంటే, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నిరూపించగలను. వెంటనే మొదలుపెట్టాను. వెనక్కి తిప్పితే పిల్ల కాళ్ళు ముడుచుకోవాలి కదా? లోకాన్ని చూడొద్దా? పెద్దదవుతున్న పిల్లని నెలల పిల్లలా తిప్పి కూర్చోబెడితే చిన్నతనం కాదా?

"కాళ్ళు ముడుచుకుంటే దానికి నొప్పి లేదు నాన్నా. చిన్నతనం నీకా, దానికా?" అంది అమ్మాయి.

అసలు సంగతి ఏమిటంటే, అది వెనక్కి తిరిగితే అద్దంలో దాని మొహం నాకు కనబడదు. దారి పొడవునా నేను లారీలకీ స్కూటర్లకీ వ్యాఖ్యానం చెబుతుంటాను. అద్దంలో అది నవ్వుతుంది. ఈ వయసులో నా ఉపన్యాసానికి మిగిలిన ఏకైక శ్రోత అది. ఈ కారణం మాత్రం నేను బయటికి చెప్పలేదు. తర్కంలో నిలబడదు.

చలికి పిల్లని దుకాణం దుకాణం తిప్పడం ఎందుకని ఒక ఉపాయం ఆలోచించాను. పొడుగు దిండు గలీబులో ఉప్పు పాకెట్లు, పాత తువ్వాళ్ళు కుక్కి, సరిగ్గా మిరియం అంత బరువు, అంత పొడవు వచ్చేలా కుట్టాను. చూడ్డానికి భయంగా ఉందని స్కెచ్ పెన్నుతో కళ్ళూ మీసాలూ గీశాను. మీసాలు ఎందుకు గీశానంటే నా దగ్గర సమాధానం లేదు. గీశాక అచ్చం మా బావమరిదిలా తయారైంది. ఇంట్లో ఆ పేరే స్థిరపడింది.

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, దిండుని చంకన పెట్టుకుని పిల్లల సామాన్ల దుకాణానికి వెళ్ళాను. అక్కడున్నావిడ నా వైపు, దిండు వైపు, మళ్ళీ నా వైపు చూసింది.

"పాప ఏదండీ?"

"ఇదే."

"మీసాలున్నాయి."

"అవి లెక్కలోకి రావు."

ఆవిడ నవ్వాపుకోడానికి పక్కకి తిరిగి దగ్గింది. అలా దగ్గడం ఎంత దయో, నలుగురిలో నవ్వులపాలైన వాళ్ళకే తెలుస్తుంది. ఆ తర్వాత శ్రద్ధగా రెండు సీట్లు తీసుకుని నా కారు దాకా వచ్చింది. రెండూ వెనక్కి తిరిగి ఉండేవే. ఒకటి దాదాపు నిటారుగా ఉంది. రెండోది పడక్కుర్చీలా వాలుతుంది. వాలేదాన్ని వెనక సీట్లో పెట్టబోతే అది డ్రైవరు పక్క సీటు వీపుకి తగిలి ఆగిపోయింది.

"ముందు సీటు కాస్త జరపండి సార్."

"అది జరగదమ్మా."

"పట్టేసిందా?"

"పట్టేసింది."

పట్టెయ్యలేదు. అది నా భార్య సీటు. ఎక్కగానే చెప్పులు విడిచి, సీటు వెనక్కి తోసి, కాళ్ళు చాపుకునేది. ఆవిడ ఆఖరిసారి దిగాక ఆ సీటుని నేను ఒక్క అంగుళం కూడా కదపలేదు. ఎవర్నీ కూర్చోనివ్వలేదు. పక్కింటి పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులు, ఆయన్ని కూడా వెనకే కుక్కేవాణ్ణి. ఆ వైపు తలుపుకి ఒక జబ్బుంది, మడతబందులు వదులై కిందికి వాలుతుంది. మామూలుగా వేస్తే పడదు, గట్టిగా వేస్తే వీధంతా లేస్తుంది. దాన్ని చప్పుడు లేకుండా వెయ్యడం ఆవిడ ఒక్కదానికే చేతనయ్యేది. నాకు ఎన్నిసార్లు చూపించిందో. నేను తార్కికుణ్ణి కదా, తలుపులు నేర్చుకోలేదు.

నిటారు సీట్లో బావమరిదిని కూర్చోబెట్టాను. ఎంత హుందాగా కూర్చున్నాడో! ఏ పక్కకీ ఒరగలేదు. వాలే సీటు కంటే ఇదే మేలు, బయట కొంచెమైనా కనిపిస్తుంది అని నాకు నేనే రెండు ప్రతిపాదనలు, ఒక నిర్ణయం చెప్పేసుకున్నాను.

"వాడి చూడండి. సరిపడకపోతే వారంలోపు మార్చుకోవచ్చు. అయినా ఒకసారి పాపని తీసుకొస్తే బాగుండేది," అని దుకాణం ఆవిడ అంటూనే ఉంది.

ఇంటికొచ్చి సీటు బిగించి, మిరియాన్ని కూర్చోబెట్టాం. బెల్టు పెట్టి మా అమ్మాయి చెయ్యి తీసింది. ఎవరో దారం తెంపినట్టు తల ముందుకి వాలి, గడ్డం గుండెకి తగిలింది. అదే గురక. మా అమ్మాయి వెంటనే గడ్డం పట్టుకుంది.

"దిండుకి బాగానే ఉందే!" అన్నాను.

"నాన్నా, బావమరిదికి మెడ లేదు. లేని మెడ ఎలా వాలుతుంది?"

ముప్పై ఏళ్ళ తర్కశాస్త్రం గుమ్మం దగ్గర చెప్పులతో పాటు నిలబడిపోయింది.

"ఇంకో సీటు లేదా ఆ షాపులో?"

"ఉంది. పట్టదు."

"ఎందుకు పట్టదు?"

"ముందు సీటు అడ్డం."

"జరిపితే?"

"జరగదు. తుప్పు పట్టింది."

అమ్మాయి పిల్లని నాకిచ్చి, ముందు తలుపు తీసి, వంగి సీటు కింద చెయ్యి పెట్టింది. సీటు వెన్నలో కత్తి దిగినట్టు ముందుకి జారి, మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

"ఏదీ తుప్పు?"

నీళ్ళు నమిలాను. "అమ్మ పెట్టుకున్నది... అలాగే ఉంటుందని..." అన్నాను.

అమ్మాయి కారు గుమ్మం మీద చతికిలబడింది. కాసేపు నా మొహంలోకి కాకుండా మిరియం మొహంలోకి చూసింది.

"కోప్పడనంటే ఒకటి చెప్తాను. పోయినేడు సర్వీసింగు నుంచి కారొచ్చింది చూడు. అప్పుడు ఈ సీటు పూర్తిగా ముందుకుంది. కింద తుడవడానికి జరిపారేమో. నువ్వు చూస్తే తట్టుకోలేవని, నువ్వు బయటికి వచ్చేలోపే వెనక్కి లాగేశాను. అమ్మ ఎంత వెనక్కి పెట్టుకునేదో నాకేం తెలుసు? ఉజ్జాయింపుగా పెట్టేశాను."

"నేను గమనించలేదా?"

"గమనించావు. 'చూశావా, మీ అమ్మ సీటు ఎలా ఉన్నదో అలాగే ఉంది' అన్నావు. నాకు గుండె ఆగినంత పనైంది."

అంటే ఏడాదిగా నేను కాపలా కాసింది మా అమ్మాయి ఉజ్జాయింపుకి. పక్కింటి పెద్దాయన మోకాళ్ళు దానికోసమే నలిగిపోయాయి.

"అయినా అమ్మ ఏనాడు ఒకచోట ఉంచింది నాన్నా? ఎండ పడితే ముందుకి, నిద్రొస్తే వెనక్కి. 'స్థిరంగా కూర్చోవేమే' అని నువ్వు విసుక్కునేవాడివి."

నాకు నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి, తర్వాత పొట్టలోంచి. అమ్మాయి కూడా నవ్వుతూ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. మా ఇద్దరికీ ఏమైందోనని మేనేజరుగారు నా పొట్టలో రెండు తన్నారు.

మర్నాడు పిల్లని తీసుకునే వెళ్ళాం. దారంతా అమ్మాయి దాని గడ్డం కింద చెయ్యి తియ్యలేదు. దుకాణం ఆవిడ ముందు నా చంక వైపు చూసింది.

"మీసాలాయన రాలేదా?"

"రిటైరయ్యారు," అంది మా అమ్మాయి.

ఈసారి ముందు సీటు నేనే జరిపాను. చెయ్యి కొంచెం ఆగింది, అంతే. వాలే సీటు పెట్టి, వాలు సరిచూసుకోడానికి దాని పక్కనున్న గీత నేలకి సమంగా వచ్చేదాకా సర్దాం. పట్టీలు భుజాల దిగువ నుంచి వచ్చేలా మార్చాం. మిరియం వెనక్కి ఒరిగింది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి దాని ఊపిరి విన్నాం. గురక లేదు. గడ్డం పైకే ఉంది.

"హమ్మయ్య," అంది దుకాణం ఆవిడ, సొంత పిల్లకి చెప్పినట్టు.

అక్కడి నుంచి నేరుగా ఫిజియోథెరపీకి బయల్దేరాం. అద్దంలో నాకు కనబడింది నల్లటి సీటు వీపు మాత్రమే. అయినా వంతెన ఎక్కుతుంటే ఉండబట్టలేక మొదలుపెట్టాను: "శ్రోతలారా, ఎడమవైపు అరటిపళ్ళ లారీ. డ్రైవరు నాకంటే ముసలివాడు, నాకంటే బాగా నడుపుతున్నాడు."

జవాబుగా వెనక నుంచి టక్. కాసేపాగి మళ్ళీ టక్, టక్.

"అదేమిటి?" అన్నాను.

"మేనేజరుగారు. ఇప్పుడు తన్నడానికి ఎదురుగా కారు వెనక సీటు వీపు ఉందిగా," అంది అమ్మాయి. "నువ్వాపితే ఆపుతున్నారు. కానీయ్."

మొహాలు చూపించే అద్దాలుంటాయట, వెనక సీటుకి తగిలించేవి. కొనొచ్చు. తొందరేం లేదు. ఇన్నాళ్ళూ నా శ్రోత నవ్వి ఊరుకునేది, ఇప్పుడు చప్పట్లు కొడుతోంది.

ఫిజియో ఆవిడ మిరియాన్ని బోర్లా పడుకోబెట్టి గిలక్కాయ చూపించింది. తల లేచింది, వణికింది, కాసేపు నిలిచింది. "పోలేదు. ఉంది," అందావిడ. ముక్కుసూటి మనిషి కాబట్టి నమ్మాను.

తిరిగి వచ్చేటప్పటికి చీకటి పడుతోంది. ఇల్లు చేరినా మేం దిగలేదు. మిరియం నిద్రపోతోంది, తల సీటుకి ఆనించి, నోరు కొంచెం తెరిచి. కారులో అది అలా భయం లేకుండా నిద్రపోవడం మాకు కొత్త. ఇంజను చల్లారేదాకా ఆ ఊపిరి వింటూ కూర్చున్నాం.

"ఎత్తుకో నాన్నా. సంచి నేను తెస్తాను."

పిల్లని భుజాన వేసుకుని మెడ కింద అరచెయ్యి పెట్టాను. సంచి ముందు సీట్లో ఉంది, ఆ జబ్బు తలుపు తియ్యక తప్పదు. అమ్మాయి సంచి తీసింది. 'అయిపోయింది, ఇప్పుడు లేస్తుంది' అనుకుని పిల్ల చెవి మీద చెయ్యి అడ్డం పెట్టాను.

అమ్మాయి తలుపు పిడి పట్టుకుని కాస్త పైకెత్తింది. ఎత్తి, తుంటితో మెల్లగా నెట్టింది. తలుపు చప్పుడు లేకుండా పడింది.