మౌస్‌లు లేని శుక్రవారం

ఆ ఆఫీసులో శుక్రవారం భోజనాలు కాగానే ఖాళీ బిస్కెట్ల డబ్బా ఒకటి బల్లల మధ్య తిరిగేది. ఎవరి మౌస్ వాళ్ళు ఊడదీసి అందులో పడెయ్యాలి. సాయంత్రం దాకా పనంతా కీబోర్డు మీదే. ఎవరు ముందుగా ‘నా మౌస్ ఇవ్వండి బాబోయ్’ అంటారో, మరుసటి వారమంతా అందరికీ టీ పెట్టే పని వాళ్ళ నెత్తిన పడుతుంది. ఈ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, టీ మాత్రం ఎప్పుడూ వదినే పెట్టేది.

వదిన నిజానికి ఒక్కరికే వదిన. ఆమె ఆడపడుచు కూడా అక్కడే ఉద్యోగంలో చేరి, మొదటిరోజే హాలంతా వినబడేలా ‘వదినా’ అని కేకేసింది. ఆ పిలుపు అంటుకుపోయి ఇప్పుడు ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా వదినా అనే పిలుస్తున్నారు. ఓనరు ఒక్కడే మేడమ్ అంటాడు.

పనిలో వదినకు వంక పెట్టేవాడు పుట్టలేదు. బస్సు డిపోకి టైములు వేసిపెట్టే పెద్ద ప్రోగ్రాం మొదటి వరస నుంచి ఆఖరి వరస దాకా ఆమె రాసిందే. కాకపోతే నత్తనడక. ఫైలు తెరవాలన్నా మౌస్, వరస జరపాలన్నా మౌస్, చేసిన తప్పు వెనక్కి తీసుకోవాలన్నా మెనూ దాకా మౌస్‌తో ఊరేగింపు. ఆడపడుచు చూడబోతే మౌస్ మొహమే చూడదు. ఆ పిల్ల వేళ్ళు ఆడుతుంటే తెరమీద వరసలు వాటంతటవే పైకీ కిందికీ గెంతేవి.

ఇలా ఉండగా డిపో మేనేజరు నుంచి కబురొచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం వస్తాననీ, ప్రోగ్రాంలో కొన్ని మార్పులు తన కళ్ళెదుటే చెయ్యాలనీ. ఓనరు తల గోక్కుంటూ వదిన బల్ల దగ్గరికొచ్చాడు.

“మేడమ్, మీరు పక్కన నిలబడి చెప్పండి. మీ ఆడపడుచు కూర్చుని కొడుతుంది. కస్టమర్ ముందు మరీ ఆలస్యమైతే బాగుండదు కదా.”

వదిన కుర్చీని బల్ల దగ్గరికి ఇంకాస్త లాక్కుంది. కన్నతల్లిని పక్కన నిలబెట్టి పక్కింటావిడతో పిల్లకు జడ వేయించినట్టు, ఇదేం చోద్యం!

“ప్రోగ్రాం నాది సార్. కూర్చునేదీ నేనే,” అంది. అనేశాక తన ధైర్యానికి తనకే ఆశ్చర్యం వేసింది.

“ఆరోజు మౌస్ ఉండదు మేడమ్. మన పద్ధతి చూడ్డానికి కూడా వస్తున్నాడాయన.”

“మౌస్ నాకొద్దు సార్.”

“మీ చెయ్యి మౌస్ కోసం వెళ్ళిందంటే మధ్యలోనే కుర్చీ మారాలి మరి.”

“మారతాను లెండి.”

ఆడపడుచు ఉండేది వీళ్ళింట్లోనే. కనక చదువు మర్నాడు పొద్దున్నే, వంటింటి గట్టునే కీబోర్డు అనుకుని మొదలైంది. పుర్రెకు పుట్టిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. వదిన కుడిచెయ్యి మౌస్ కోసం గాలిలోనైనా వెతికేది.

“ఆ చెయ్యి ఇలా తే వదినా. కంట్రోల్ నొక్కి పి కొట్టు. ఫైలు పేరులో రెండక్షరాలు చాలు, గుమ్మంలో నిలబడుతుంది. ఆల్ట్ పట్టుకుని బాణం నొక్కితే వరస పైకెళ్తుంది. కంట్రోల్ జెడ్ అంటే చేసిన తప్పు చెయ్యనట్టే.”

“ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నువ్వు నిండు హెడ్మాస్టరువే తల్లీ,” అంది వదిన. ఆ మాటల్లో పడి పాలు పొంగనిచ్చింది. పొంగడం చూసి చేసిందేమిటయ్యా అంటే, స్టవ్వు కట్టెయ్యడం మాని ఎడమచేతి రెండు వేళ్ళతో గట్టుమీద కంట్రోల్ జెడ్ నొక్కింది. పొంగిన పాలు వెనక్కి పోలేదు. ఆడపడుచు కడుపు పట్టుకుని కిందే కూలబడింది.

స్కూటరు మీద వెళ్తుంటే మొగుడు అడిగాడు. “ఏమిటే, నా భుజం మీద తబలా?”

“కంట్రోల్ డి అండీ. ఒక మాటను పట్టుకుంటే, అదే మాట ఇంకెక్కడెక్కడ ఉందో ఒక్కొక్కటీ చూపిస్తూ కలుపుకుపోతుంది. ఆఖర్న ఒక్కసారి కొడితే అన్నీ మారతాయి.”

“మా చెల్లెలు నేర్పిందా? అయితే నా భుజం సంగతి ఇంతే.”

వదినకు అన్నిటిలోకీ ఇదే నచ్చింది. ఆడపడుచు మాత్రం పెదవి విరిచింది. “అన్నీ ఒకే దెబ్బకు మార్చే రీప్లేస్ ఆల్ ఉండగా ఒక్కొక్కటీ చూస్తూ కూర్చుంటావా? ఆలస్యం అమృతం విషం.”

“నిదానమే ప్రధానం అని కూడా పెద్దలే అన్నారే,” అంది వదిన. అని ఊరుకోలేదు, ప్రోగ్రాం రాసే ఎడిటర్‌లో ఉన్న మీటలన్నీ తనే వెతికి, ఆడపడుచుకు కూడా తెలియని జత ఒకటి పట్టేసింది. ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం రానే వచ్చింది. డబ్బా తిరిగింది. మేనేజరు ఒక ముసలి డ్రైవర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ‘రోడ్డు మీద తిరిగేవాడికి తెలిసినంత నాకు తెలియదు’ అన్నాడు. మంచి మనిషే. వదిన కూర్చుంది, వెనక ఓనరు, పక్కన ఆడపడుచు. మిగతావాళ్ళంతా తెగ పనిచేస్తున్నట్టు నటిస్తూ చెవులిటు పడేశారు.

ఫైలు ఒక్క క్షణంలో తెరుచుకుంది. మేనేజరు చెప్పిన రెండు వరసలు కిందికి దిగాయి. వదిన గుండె కుదుటపడుతుండగా, దొంగ కుడిచెయ్యి మెల్లిగా పక్కకు జారింది. ఓనరు ఊపిరి బిగబట్టాడు. బల్లమీద అక్కడ మంచినీళ్ళ గ్లాసు ఉంది కనక సరిపోయింది. వదిన దాన్నే పట్టుకుని, ఎత్తి, దాహం లేకపోయినా గడగడా తాగేసింది.

“స్టాపుల్లో బస్సు ముప్పై సెకన్లు ఆగుతోంది. ఇరవై చాలమ్మా,” అన్నాడు మేనేజరు.

ముప్పై అనే అంకె ఆ ఫైలు నిండా ఉంది. ఒక్కచోట రాసుకుని అందరూ అక్కడ చూసుకునేలా పెట్టొచ్చు కదా అని అడిగే పెద్దమనుషులుంటారు. నిజమే, పెట్టొచ్చు. కొత్తలో హడావుడిగా రాసిన ప్రోగ్రాంలో అంత బుద్ధి ఎవరికుంటుంది?

“రీప్లేస్ ఆల్ కొట్టు వదినా!” ఆడపడుచు చెవిలో గుసగుసలాడింది.

వదిన కంట్రోల్ డి కొట్టింది. ఒక ముప్పై. ఇంకోటి. చూసుకుంటూ మరోటి. ఓనరు గడియారం చూసుకున్నాడు. నాలుగైదు దాటాక ఆమె వేలు ఆగిపోయింది.

“సార్, ఇది స్టాపుది కాదు. డ్యూటీ మధ్యలో డ్రైవర్లకు ఇచ్చే విశ్రాంతి, ముప్పై నిమిషాలు. దీన్నీ ఇరవై చెయ్యమంటారా?”

“దాని జోలికి పోకు తల్లీ!” ముసలి డ్రైవరు కుర్చీలోంచి లేచిపోయాడు. “ఆ కాస్తలోనే కదా మేం తినేదీ, నడుం వాల్చేదీ!”

హాలంతా గొల్లుమంది. మేనేజరైతే కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. వదిన కంట్రోల్ పట్టుకుని కె, ఆ వెంటనే డి నొక్కింది. తెరమీద డ్రైవర్ల ముప్పై విడిపోయి, పట్టు తరవాతి ముప్పై మీదికి దూకింది. చివరిదాకా వెళ్ళి ఇరవై కొట్టగానే స్టాపులన్నీ ఒక్కసారిగా మారాయి. డ్రైవర్ల ముప్పై మాత్రం చెక్కుచెదరలేదు.

“అయిపోయిందా? అప్పుడే?” అన్నాడు మేనేజరు.

“అయిపోయింది సార్,” అంది వదిన. ఆమెకు సంతోషం పట్టలేదు. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా!

మేనేజర్ని సాగనంపి వచ్చి ఓనరు ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. “ఇకనుంచి డిపోవాళ్ళు ఎప్పుడొచ్చినా ఈ కుర్చీ మీదే, వదినా,” అన్నాడు. మేడమ్ అనడం మర్చిపోయినట్టు ఆయనకు తెలియనే లేదు.

ఆడపడుచు ఇంకా తెరవంకే చూస్తోంది. తను కూర్చుని ఉంటే ఎంత పప్పులో కాలేసేదో ఆ పిల్లకు అర్థమైంది. “డ్రైవర్ల ముప్పైని దాటేసి వెళ్ళిందే, ఆ జత నాకు నేర్పవా వదినా?”

“నేర్పిస్తాలే. ముందు టీ పెట్టొస్తా, ఈ వారం వంతు ఇంకా నాదేగా.”

వదిన లేవబోయింది. ఆడపడుచు ఆమె భుజాలు పట్టి కుర్చీలోనే కూర్చోబెట్టి, హాలు మధ్యకెళ్ళి చేతులు పైకెత్తింది.

“నా మౌస్ ఇవ్వండి బాబోయ్!”

అందరూ నోళ్ళు తెరిచారు. డబ్బాలోంచి తీసిన ఆమె మౌస్‌కి కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. దాన్నలాగే బల్లమీద పడేసి, ఆ పిల్ల టీ గిన్నె వైపు పరిగెత్తింది.

టీ ఉత్త వేడినీళ్ళలా ఉంది. వదిన రెండో కప్పు అడిగి మరీ తాగింది.