కూర్చుని చేసే పని

"ఫోన్ నా దగ్గరుంటే నీకొచ్చిన నష్టమేంటే?" మొగుడు జక్రయ్య అలా అడగడం మూడోసారి.

"పచ్చడి కొనేవాళ్ళు ఉప్పెంత, కారమెంత అని అడుగుతారు గదయ్యా. నువ్వేం చెబుతావ్?" సంతోషకుమారి తలెత్తలేదు. నిలబడి రోట్లో పండుమిరపకాయలు తొక్కుతోంది. మోచేతుల దాకా ఎర్రటి ముద్ద.

తెల్లవారుజామున నాలుగింటికి లేచింది. కాయలు కడిగి, ఒక్కొక్కటీ తుడిచి, తొడిమలు తీసింది. తడి మిగిలితే పచ్చడి బూజు పడుతుంది. మధ్యలో నలుగురికీ వండింది, బట్టలుతికింది. పొన్నూరులో పెళ్ళివారికి పదిహేను కిలోలు సాయంత్రం బస్సులో వెళ్ళాలి. బాగుంటే వాళ్ళ హోటలుకి నెలనెలా తీసుకుంటామన్నారు. రోజుకు మూడొందలకు మిరప కోతకెళ్ళినప్పుడు ఆమె ఫోన్ ఎవరికీ గుర్తు రాలేదు.

"మగాళ్ళతో నవ్వుకుంటా మాట్టాడతంటే బజారంతా చూడట్లా?" వసారాలోంచి అత్త అంది. "ఇంట్లో కూర్చుని చేసే పనికి అంత పొగరేందే?"

"పొద్దున్నించీ నేనెప్పుడు కూర్చున్నానత్తా?"

ఫోన్ మోగింది. జక్రయ్య దాన్ని లాక్కుని పచ్చడి బేసిన్లోకి విసిరాడు. బేసిన్‌ను కాలితో తన్నాడు. పచ్చడి గడప దాకా పారింది.

"పదిహేను కిలోలయ్యా!"

అడ్డమొచ్చిన ఆమె రెండు చేతులూ పట్టుకుని మెలిపెట్టాడు. జుట్టు పట్టి రెండు చెంపలూ వాయించాడు. పెదవి చిట్లింది. పదో తరగతి చదివే కూతురు జెస్సీ "నాన్నా!" అంటూ మధ్యలోకొస్తే గోడకేసి తోశాడు. ఆయాసపడుతూ అదే చేత్తో ముఖం మీది చెమట తుడుచుకున్నాడు.

మరుక్షణం పొలికేక పెట్టాడు. "కళ్ళు... నా కళ్ళు! మజ్జిగ తేవే!"

అలవాటుగా ఆమె కాళ్ళు వంటింటి వైపు కదిలాయి. జెస్సీ కనుబొమ్మ మీంచి రక్తం కారడం చూసి ఆగింది. తుడవబోయి, చేతులు వెనక్కి తీసుకుంది.

"నువ్వే కడుక్కో తల్లీ. నా చేతులు కారం."

"నా కొడుకు కళ్ళు పోతన్నాయే, పాపిష్టిదానా!" అంటూ అత్తే మజ్జిగ కోసం పరుగెత్తింది.

ఎర్రటి ముద్దలోంచి ఫోన్ మళ్ళీ మోగింది. జెస్సీ నుదుటికి గుడ్డ అదిమిపెట్టుకుని, ఫోన్ తీసి తుడిచి తల్లి చెవి దగ్గర పట్టుకుంది.

"పచ్చడి బస్సెక్కిందా అమ్మా?" పొన్నూరు పెళ్ళివారు అడిగారు.

"లేదండీ, నేలపాలైంది. పెళ్ళి ఎల్లుండేగా, రేపు సాయంత్రానికి పంపిస్తా. ఇంకో బస్తా కాయలున్నాయి."

చేతులు కడుక్కుంది. జక్రయ్య కూర్చునే కుర్చీ లాక్కుని, ఆ రోజుకు మొదటిసారి కూర్చుంది. మజ్జిగ కారుతున్న ముఖంతో మొగుడు, గ్లాసుతో అత్త, నుదుట గుడ్డతో కూతురు ఆమె వైపే చూస్తున్నారు.

"రేపట్నించి పచ్చడి తొక్కుతాను. నాకూ జెస్సీకీ వండుకుంటాను," మెల్లగా అంది. "మీ ఇద్దరికీ అన్నం వండను, నీళ్ళు తోడను, బట్టలుతకను. ఇంట్లో కూర్చుని చేసే పనులేగా. మీరే కూర్చుని చేసుకోండి."