బొట్టు చెరిగిన నిచ్చెన

నేను ఒక నిచ్చెనను. గోడకు చేరవేసే వెదురు నిచ్చెన అనుకునేరు! అగ్నిమాపక బండి వీపు మీద ఒకదానిలో ఒకటి ముడుచుకుని పడుకున్న ఐదు ఇనుప వరసలను. మీట నొక్కితే పదిహేను అంతస్తుల ఎత్తుకు సాగుతాను. సాగేదాన్ని అనాలి. ఇప్పుడు కొన్నేళ్ళుగా ఈ షెడ్డు మూల ముడుచుకునే ఉన్నాను.

మా ముత్తాతలు కర్ర నిచ్చెనలు, పదిమంది భుజాన మోసుకెళ్ళేవారట. తరువాతివాళ్ళు చక్రం తిప్పితే లేచే ఇనుప నిచ్చెనలు. నా సంగతి వేరు. నా కొసకు మనుషులు నిలబడే తొట్టి ఉంది, దాన్ని నడిపే మీటలు అందులోనే ఉన్నాయి. నేల ఏటవాలుగా ఉన్నా నా నాలుగు కాళ్ళూ సర్దుకుని నన్ను నిలబెడతాయి. తొట్టి ముందువైపు గారె చిల్లంత గాజు కన్ను ఒకటి. గోడో, కొమ్మో దగ్గరైతే ఆ కన్ను చూసి నన్ను ఆపేస్తుంది. నన్ను చేసినవాళ్ళు మంచు పడే దేశంవాళ్ళు. గాలి, వాన, పొగ అన్నీ ఆలోచించారు పాపం. పసుపు కుంకుమల సంగతి వాళ్ళకు ఎవరు చెబుతారు?

ఓడలో వచ్చి ఈ సముద్రపొడ్డు ఊళ్ళో దిగాను. పేరు చెప్పను, ఊరివాళ్ళు నొచ్చుకుంటారు. వచ్చిన రోజున ఎంత హడావుడి! కొబ్బరికాయలు, ఫోటోలు, ఉపన్యాసాలు. తీరా చూస్తే ఈ ఊళ్ళో నిప్పంతా సందుల్లోనే అంటుకుంటుంది. నేనేమో సందులో పట్టను. చిన్న బండ్లు గంట కొట్టుకుంటూ లోపలికి దూరేవి, నేను సందు మొదట్లో నిలబడి పొగ వాసన చూసేదాన్ని. జయంతులొస్తే మాత్రం నాకు తీరికుండేది కాదు. విగ్రహాలకు దండలు వెయ్యాలి కదా!

నన్ను నడిపేది సింహాచలం. నెత్తి నెరిసిన మనిషి, మాటలన్నీ నాతోనే. దండ వేసి దిగిన ప్రతిసారీ నా మెట్టు మీద చెయ్యేసి, "ఒక్క మనిసినైనా దింపకుండానే రిటైరైపోతానేటే తల్లీ?" అనేవాడు. నాకూ అదే బెంగ. ఇద్దరికీ ఒకటే కోరిక ఉన్నా, దాన్ని తీర్చాలంటే ఎవరో ఒకరికి ఆపద రావాలి. అలా కోరుకోవడానికి ఇద్దరికీ సిగ్గేసేది.

ఓ దసరా నాడు స్టేషనులో ఆయుధపూజ జరిగింది. ఎవరి బండికి వాళ్ళే బొట్టు పెట్టుకోవాలని ఇక్కడి పద్ధతి. సింహాచలం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఒళ్ళంతా పసుపు రాశాడు. చివరికి తొట్టి దగ్గరకొచ్చి, నా గాజు కన్నుకు పైన, నుదురనుకుని, ఇంత కుంకుమ అద్దాడు. "దిష్టి తగలకూడదు నా తల్లికి," అన్నాడు. బండి ముందుకు కదిలింది, నిమ్మకాయలు చితికాయి. ఇంకా ప్రసాదం పంచుతూనే ఉన్నారు, గంట మోగింది.

పెద్ద రోడ్డు మీద అపార్టుమెంటు. కింద కరెంటు మీటర్ల గది అంటుకుంది, మెట్లనిండా పొగ. పండగ గనక అందరూ గుడికి పోయారు. ఐదో అంతస్తు బాల్కనీలో ఒక్క మనిషి మిగిలింది, ఆ ఇంట్లో వంట చేసే మాణిక్యమ్మ. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

నాకు చోటు దొరికింది! కాళ్ళు చాపాను. సింహాచలం తొట్టిలో నిలబడ్డాడు, నేను లేచాను. పక్కనుంచి మావాళ్ళు కొడుతున్న నీళ్ళు మామీద చిమ్ముతున్నాయి. రెండు, మూడు, నాలుగు అంతస్తులు దాటాం. ఇంకొక్క బారెడు దూరం. అక్కడ ఆగిపోయాను. ఎదురుగా గోడ ఉందని నా కన్ను అంది. అంతా ఎర్రగా కనిపించింది నాకు.

సింహాచలం మీటలు కొట్టాడు, తిట్టాడు, బతిమాలాడు. కన్నుతో పని లేకుండా నడిపే మీటొకటి ఉంది. అది నొక్కితే ఎక్కడ ఆగుతానో నాకే తెలీదు, ఆవిణ్ణి నలిపేస్తానేమోనని అతని భయం. మాణిక్యమ్మే ముందుకు వంగి చూసింది.

"నాయినా, బొట్టు కారిపోయి దాని కంట్లో పడిందయ్యా!"

సింహాచలం చెయ్యి కిందికి చాపాడు. చాపి, ఆగిపోయాడు. "పండగపూట నా సేత్తో బొట్టు సెరపమంటావేటమ్మా?"

ఆవిడ ముక్కు మీది తడిగుడ్డ తీసి అతని మీదికి విసిరింది. "మా ఇంటాయన పోయినప్పుడు నా బొట్టు సెరపడానికి ఎవులూ ఇంతసేపు ఆలోసించనేదు. తుడిసీ నాయినా, తుడిసీ!"

తుడిచాడు. నేను కదిలాను. ఆవిణ్ణి తొట్టిలోకి లాక్కున్నాక పైకి ఏడ్చేశాడు, ముసలోడు. నాకు ఏడ్చే ఏర్పాటు పెట్టలేదు గానీ, ఉంటే నేనూ ఏడ్చేదాన్ని.

తరువాత విచారణ. నా ఒంటికి ఇకమీదట పసుపు కుంకుమలు తగలకూడదని పైనుంచి ఆర్డరొచ్చింది. ఆ కుంకుమనీళ్ళకు కన్ను పాడైంది, దానికి మారుకన్ను ఎక్కడా దొరకలేదు. సింహాచలం రిటైరై వాళ్ళ ఊరు పోయాడు. దసరా వస్తే పక్కనున్న జీపుకు కూడా బొట్టు పెడతారు, నన్ను దాటుకుపోతారు. బోడి మొహంతో మూల నిలబడతాను. ఎంత ఒంటరితనమో, ఏం చెప్పను!

పోయిన దసరాకు మాణిక్యమ్మ వచ్చింది. గేటు దగ్గర కుర్చీలో ఉన్నవాడు, "దానికి బొట్టు పెట్టకూడదమ్మా," అని కేకేశాడు.

"నేను పెట్టనులే. నిమ్మకాయ కూడా వొద్దన్నారేటి?"

వాడు కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ కొంగుతో నా కన్ను మీది దుమ్ము తుడిచి, ముందు చక్రం కింద ఒక నిమ్మకాయ పెట్టింది. బండి కదిలి అది చితికే దాకా చూసి వెళ్ళాలని కాబోలు, చాలాసేపు నిలబడింది. నా టైర్లలో గాలి లేదని ఆవిడకు తెలియదు. చివరికి బస్సు వేళైందని వెళ్ళిపోయింది.

ఆ నిమ్మకాయ ఇంకా అక్కడే ఉంది. ఎండి, నల్లబడి, గట్టిపడింది. త్వరలో నన్ను వేలం వేస్తారట, వెయ్యనివ్వండి. ఈలోగా మీరెవరైనా ఇటు వస్తే, పెద్ద సాయం అక్కర్లేదు, నన్ను ఒక్క జానెడు ముందుకు తొయ్యండి.