జతకు తగ్గ సైజు

డాక్టరు కొలత పరికరాన్ని బల్ల మీద పెట్టి, కేత్‌ను గౌను సర్దుకోమన్నాడు.

"రొమ్ము అడుగు వెడల్పు పదకొండు సెంటీమీటర్లు. మూడొందల సీసీ దాటిన సిలికాన్ సంచి నేను పెట్టను."

"నాలుగొందల యాభై కావాలండీ."

"నీకా, మీ మేళానికా?"

కేత్ తల దించుకుంది. డాక్టరు చిన్నగా నిట్టూర్చాడు.

"చూడమ్మా, నాలుగొందల యాభై సంచి అడుగు పదమూడు. పదకొండు ఉన్నచోట పదమూడు కుక్కితే పైన చర్మం రోజురోజుకీ పల్చబడుతుంది. ఆఖరికి సంచి తన దారి తాను చూసుకుంటుంది. బయటికి. అర్థమైందా?"

అర్థమైంది. కానీ ఖోన్ కేన్ ఊరి చివర రేకుల షెడ్డులో మేళం నడిపే బున్యూన్ అమ్మకు ఈ లెక్కలు ఎవరు చెప్పాలి?

అది వర్షావాసం. భిక్షువులు గుడి దాటని ఆ మూడు నెలలూ మోలం ఆటలు, అంటే ఊరూరా స్టేజి కట్టి ఆడే జానపద పాటల ఆటలు, ఉండవు. పాత పాటలు మార్చి కొత్తవి కట్టుకునేది అప్పుడే. ముక్కులు, కళ్ళు, రొమ్ములు బాగు చేయించుకునేదీ అప్పుడే. వర్షావాసం ముగిసిన వారానికల్లా కట్లు విప్పి స్టేజి ఎక్కాలి.

మొదటి వరుసలో కేత్ ఎడమ, చొంపూ కుడి. ఇద్దరూ జత. అద్దంలో బొమ్మల్లా ఒకేలా ఆడాలి, ఒకేలా కనపడాలి. అందుకే పూసలు కుట్టిన వాళ్ళ రవికలను టైలరమ్మ ఒకే కొలతకు, ఒకేసారి కత్తిరిస్తుంది. ఆ కొలత చొంపూది. పోయినేడు చొంపూ నాలుగొందల యాభై పెట్టించుకుంది. దూదితో నింపుకుని నెట్టుకొచ్చిన కేత్‌కు ఈ ఏడు ఆ వీల్లేదని అమ్మ తేల్చేసింది.

"ఆయన కాకపోతే ఇంకొకాయన," అంది బున్యూన్ అమ్మ, సంగతి విని. "చొంపూకు పెట్టినాయన అడిగినంత పెడతాడు. గురువారం పదింటికి నీ పేరు రాయించాను. లేదంటావా, నీ చోటు కోసం వెనక వరుసలో ఎదురు చూస్తున్నవాళ్ళు నలుగురున్నారు."

కేత్‌కు ఆ సంగతి తెలుసు. తనూ ఆరేళ్ళు వెనక వరుసలో ఎదురు చూసిందే.

చొంపూ వంటింట్లోంచి కొలత గీతల గ్లాసు తెచ్చింది. పొడుగు మేజోళ్ళలో నాలుగొందల యాభై గీత దాకా బియ్యం పోసి, ముడి వేసి, కేత్ రవికలో రెండు వైపులా దోపింది. సైజు చూసుకోవడానికి మేళంలో అందరూ చేసే పనే అది. మూడు రోజులు వేసుకుని తిరిగితే ఒంటికి బరువు తెలుస్తుంది.

"ఎలా ఉందే?"

"నడుం పీకుతోందక్కా."

"మొదట్లో అంతే. ఆడుతుంటే నీకే తెలీదు." చొంపూ ఆమె భుజాలు పట్టి వెనక్కి నొక్కింది. "నాలుగొందల యాభై. ఒక్క సీసీ తగ్గించావో, నా పక్కన గాలి పోయిన ట్యూబులా ఉంటావ్!"

షెడ్డులో వాళ్ళందరూ నవ్వారు. కేత్ కూడా నవ్వింది. చొంపూ ఇంతలా పట్టుబట్టడం ఆమెకు ప్రేమగానే అనిపించింది. నాట్యం నేర్పింది చొంపూయే. జ్వరమొస్తే గంజి తాగించింది చొంపూయే.

రెండో రోజు మధ్యాహ్నం జత పాట ఆఖరి చరణంలో ఇద్దరూ వీపులు ఆనించి గిర్రున తిరిగి, మోకాళ్ళ మీద వాలారు. పాట ఆగింది. చొంపూ ఎడమ చంక దగ్గర చెయ్యి అదుముకుని గబగబా బయటికి వెళ్ళిపోయింది.

కేత్ లేవబోతూ ఆగింది. సిమెంటు నేల మీద నాలుగైదు బియ్యపు గింజలు.

తన ముడి ఊడిందేమోనని తడుముకుంది. రెండూ బిగువుగానే ఉన్నాయి. గింజలు ఏరి అరచేతిలో వేసుకుని చూసింది. తన మేజోళ్ళలో ఉన్నది జిగురు బియ్యం, పొట్టిగా, పాలలా తెల్లగా ఉంటుంది. మేళం వంటింట్లో వండేది అదొక్కటే. చేతిలో ఉన్నవి సన్నబియ్యం. పొడుగ్గా, అవతలి వెలుగు కనపడేంత పల్చగా ఉన్నాయి.

స్నానాల గది తలుపు గడియ పడలేదు. కేత్ తోసింది.

చొంపూ రవిక విప్పి ఉంది. కుడివైపు గుండ్రంగా, నిండుగా ఉంది. ఎడమవైపు ఏమీ లేదు. ముడతలు పడిన చర్మం మధ్య, ఎర్రగా, అడ్డంగా ఒక కుట్టు. ఒళ్ళో చిరిగిన మేజోడు, దాన్నిండా సన్నబియ్యం.

చొంపూ విప్పిన రవికను ఎదకు అడ్డం పెట్టుకుంది.

"తలుపెయ్యవే," అంది చొంపూ.

కేత్ తలుపు వేసింది. "ఎప్పుడక్కా?"

"ఆట ఆగిన వారానికి. చర్మం పల్చబడి, కింద రంధ్రం పడింది. సంచి అంచు వేలికి తగిలింది. చావుకని చెప్పి ఊరెళ్ళానే, అప్పుడు తీయించాను. మళ్ళీ పెట్టాలంటే ఆరు నెలలు ఆగాలట." మేజోడు చిరుగును వేళ్ళతో మూసి పట్టుకుంది. "ఆస్పత్రి ఎదురు కొట్లో ఈ బియ్యమే దొరికింది. ఇక్కడ వంటింట్లో తీస్తే ఎవరైనా చూస్తారుగా."

"తెలిసి తెలిసి నన్ను అదే పెట్టించుకోమన్నావా?"

"నువ్వు మూడొందలంటే అమ్మ జతకు కొత్త కొలతలు తీయిస్తుంది. టైలరమ్మ టేపు పట్టుకుని నన్ను కూడా రవిక విప్పమంటుంది. అప్పుడు?" చొంపూ గొంతు తగ్గింది. "నాకు ముప్ఫై నాలుగేళ్ళొచ్చాయి. వెనక వరుసలో కూడా ఉంచరు. కూతురు ఇంకా బడిలో ఉంది. నీ ఒళ్ళు గట్టిది, నీకేం కాదనుకున్నాను."

"డాక్టరు నీకు చెప్పలేదా, పట్టదని?"

"చెప్పాడు."

"మరి?"

"అప్పటి నా జతదీ నాలుగొందల యాభై, కేత్."

ఆ జత అమ్మాయికి ఏమైందని అడగడానికి కేత్‌కు ధైర్యం చాలలేదు. ఆ అమ్మాయి పోయినేడు మధ్యలోనే మేళం మానేసి, ఎడమ చోటు కేత్‌కు వదిలి ఎటో వెళ్ళిపోయింది. పెళ్ళి కుదిరిందని చెప్పుకున్నారు.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్," అంది చొంపూ. కేత్ ఒట్టేసింది.

గురువారం పొద్దున వ్యాను వచ్చి షెడ్డు ముందు ఆగింది. కేత్ రెండు మేజోళ్ళూ విప్పి బియ్యం తిరిగి డబ్బాలో పోసి, బున్యూన్ అమ్మ ముందు నిలబడింది.

"నేను రానమ్మా."

"మూడొందలైనా కుదరదు, చెప్తున్నా. ముందే కుట్టించిన రవికలు."

"మూడొందలూ వద్దు. ఏదీ వద్దు."

అమ్మ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, వ్యాను డ్రైవరును ఆగమంది. వెనక వరుసకు తిరిగి గట్టిగా పిలిచింది. "పిలై! ఇలా రా. ఎడమ చోటు నీది."

పిలైకి పంతొమ్మిదేళ్ళు. ఒళ్ళు చూస్తే చేపముల్లు. ఆ పిల్ల సంతోషంతో చేతులు జోడించి అమ్మకు దండం పెట్టింది. కేత్ వెళ్ళి వెనక వరుసలో, గోడ పక్కన నిలబడింది. పక్కనున్నవాళ్ళు కాస్త జరిగి చోటిచ్చారు, మాట మాత్రం కలపలేదు.

వారం తిరిగింది. పిలైకి ఆపరేషను తేదీ దొరికింది. చొంపూ గీతల గ్లాసు తెచ్చి మేజోళ్ళలో బియ్యం పోస్తోంది.

"ఎలా ఉందే?"

"ఊపిరాడట్లేదక్కా." పిలై నవ్వుతూనే అంది.

"మొదట్లో అంతే. ఆడుతుంటే నీకే తెలీదు." చొంపూ ఆ పిల్ల భుజాలు పట్టి వెనక్కి నొక్కింది. "నాలుగొందల యాభై. ఒక్క సీసీ తగ్గించావో..."

మిగిలినవాళ్ళు నవ్వడానికి సిద్ధమయ్యారు.

గోడ పక్క నుంచి కేత్ నడిచి వచ్చింది. ఆమె ముఖం చూసి చొంపూ చేతిలో గ్లాసు ఆగింది. వద్దన్నట్టు తల చిన్నగా ఊపింది. ఆ కళ్ళలో ఉన్నది కోపం కాదు. కోపమైతే కేత్‌కు పని తేలికయ్యేది.

"పిలై," అంది కేత్, "అక్క ఎడమవైపు చూపించమను."

"ఏంటక్కా?"

"చూపించమను. చూశాక నీ ఇష్టం."

షెడ్డు రేకుల మీద వాన మొదలైంది. బున్యూన్ అమ్మ పాటల పుస్తకం మూసి లేచి నిలబడింది. టైలరమ్మ దారం కొరకడం ఆపింది.

చొంపూ కేత్‌ను తిట్టలేదు. గ్లాసు నేల మీద పెట్టి, పిలైని దగ్గరకు లాక్కుంది. అందరికీ వీపు పెట్టి, ఆ పిల్లకు మాత్రమే కనపడేలా రవిక హుక్కులు ఒక్కొక్కటే విప్పింది. మేజోడు జారి నేల మీద పడి ముడి ఊడింది. సన్నబియ్యం జలజలా దొర్లుకుంటూ అమ్మ కాళ్ళ దాకా వెళ్ళాయి.

పిలై రెండు చేతులతో తన రొమ్ములను గట్టిగా అదుముకుంది.

వర్షావాసం ముగిసి మొదటి ఆట కట్టిన రోజు, కొత్త జతకు కొత్త రవికలు కుట్టారు. ఇద్దరు అమ్మాయిలనూ వేరే మేళం నుంచి తెచ్చారు. ఇద్దరివీ నాలుగొందల యాభై. పిలై వెనక వరుస చివర, కేత్ పక్కన ఆడుతోంది. స్టేజి కింద, జనం ఆటగత్తెల మెళ్ళో వేయడానికి కొనే పూలదండల బల్ల వెనక చొంపూ కూర్చుని ఉంది. వదులు చొక్కా వేసుకుంది.

ఆఖరి చరణంలో వెనక వరుస ముందుకొచ్చినప్పుడు ఒక్కసారి ఇద్దరి చూపులూ కలిశాయి. కేత్ చెయ్యి తాళం తప్పింది. చొంపూ అలవాటు కొద్దీ వేలెత్తి తాళం సరిచేసింది. ఆ వెంటనే ముఖం తిప్పుకుంది.