అమ్మన్నమ్మ చంపిన చుట్టాలు

ముప్పై ఎనిమిదేళ్ళ సుధ తిండి మానేసి ఎముకల గూడవుతుంటే, యాప్రాల్‌లోని ఆ అపార్ట్‌మెంటంతా మెచ్చుకుంది. లిఫ్టులో కనిపించిన ప్రతి ఆడమనిషీ "ఏ డైటండీ?" అని అడిగింది. మొగుడు వాసు "మా ఆవిడకి కంట్రోలెక్కువ" అని ఆఫీసులో చెప్పుకున్నాడు. ఆ కంట్రోలు కాస్తా ఓ రోజు సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కబోతూ కుప్పకూలింది. నీళ్ళు తాగించిన ఆవిడ కూడా, సుధ కళ్ళు తెరవగానే ఏ జిమ్మని అడిగిందట.

డాక్టరు చూసి ఇది పట్టుదల కాదు, జబ్బన్నాడు. కౌన్సిలింగ్‌తో పాటు ఆహార చికిత్స కావాలని కార్ఖానాలో ఉండే డైటీషియన్ జబీన్ దగ్గరికి పంపాడు. వెంట అత్తగారు అమ్మన్నమ్మ కూడా బయల్దేరింది. డైటీషియనంటే తిండి మాన్పించే మనిషని ఆవిడ లెక్క. అందుకే తగవుకి సిద్ధమై కొంగు బిగించి మరీ లోపలికెళ్ళింది. తీరా జబీన్ ఇడ్లీ, పప్పన్నం, నెయ్యి, పెరుగు, మధ్యలో పల్లీపట్టీ అని చెప్పుకుపోతుంటే, అమ్మన్నమ్మకి ఆ పిల్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఆకలైతలేదన్నా టైముకి తినాలె సుధగారూ. ఇప్పుడు మీకు అన్నమే మందు," అంది జబీన్. తర్వాత అమ్మన్నమ్మ వైపు తిరిగింది. "అమ్మా, మీకు సుత ఒక మందుంది. ఆమె తినేటప్పుడు పక్కన కూసోండ్రి. కానీ తిండి గురించి, ఒళ్ళు గురించి ఒక్క మాట అనొద్దు. 'ఇంకొంచెం' అనొద్దు, 'బాగ తిన్నవ్' అని మెచ్చుకోవద్దు. వేరే ముచ్చట పెట్టుండ్రి."

"వేరే అంటే ఏటమ్మా?" అంది అమ్మన్నమ్మ, నిజంగానే తెలీక.

"ఏదైనా. గిట్లనే తగ్గుకుంట పోతే మాత్రం ఆస్పత్రిల చేర్పించాల్సొస్తది."

తిండి, ఒళ్ళు తీసేస్తే తమ ఇంట్లో మాటలేమీ మిగలవని ఆ పూటే తెలిసింది. ఇంట్లో కంచాల ముందు ముగ్గురూ కూర్చుని ఫ్యాను చప్పుడు విన్నారు. సుధ మెతుకులు కెలుకుతోంది. వాసు "ట్రాఫిక్కు..." అని మొదలెట్టి, తనకే విసుగేసి ఆపేశాడు. అమ్మన్నమ్మ కుడిచెయ్యి గరిటె వైపు పోతుంటే ఆ చేతి మీద తనే కూర్చుంది.

చివరికి ఉండబట్టలేక అంది. "మా అనకాపల్లి సూరన్న లేడేటి... పోనాడు."

సుధ తలెత్తింది. "ఎలా అత్తయ్యా?"

అమ్మన్నమ్మ చెప్పింది. గుండెపోటు, అన్నదమ్ముల తగువు, పాడె మోయడానికొచ్చిన అల్లుడి చెప్పులు పోవడం, అన్నీ చెప్పింది. దినం రోజు ఏం వండారో మాత్రం గొంతు దాకా వచ్చినా మింగేసింది. ఆవిడ లెక్కలో కథకి అదే ప్రాణం. చూస్తే సుధ కంచం సగం ఖాళీ.

అప్పట్నుంచి చుట్టాలు వరసగా పోవడం మొదలైంది. ఎన్నడో పోయినవాళ్ళు కూడా మళ్ళీ పోయారు. అన్ని పూటలూ సాఫీగా సాగలేదు. ఒక్కో పూట సుధ ఏడ్చి కంచం తోసేసేది. ఎవరూ తిట్టలేదు. మళ్ళీ వేళకి మళ్ళీ కంచం, మళ్ళీ ఓ శవం.

కొన్నాళ్ళకి జబీన్ తూకం చూసి, అంకె పైకి చెప్పకుండా నవ్వింది. "ఆస్పత్రి మాట ఇగ మర్చిపోండ్రి. జెర టైం పడ్తది గానీ, దారిల పడ్డరు."

ఆ మధ్యాహ్నం ముద్దపప్పు, ఆవకాయ. సంతోషంలో అమ్మన్నమ్మకి ఒక్క చావూ గుర్తురాలేదు.

"మన బొబ్బిలి పార్వతి లేదేటి... పోనాది."

"నిన్న నాతో ఫోన్లో మాట్లాడారు కదత్తయ్యా?"

"అయితే రేపు పోతాది! నువ్వు తినే తల్లీ!"

అనేసి నాలిక్కరుచుకుంది. వాసు గ్లాసు దించాడు. ముగ్గురూ మళ్ళీ ఫ్యాను చప్పుడు విన్నారు.

సుధ నవ్వింది. పొలమారేంత నవ్వింది. కళ్ళు తుడుచుకుని, గరిటె తనే అందుకుని మారు అన్నం పెట్టుకుంది.

"పార్వతి పిన్నిని వదిలేయండత్తయ్యా, పాపం. పెరుగు దాకా ఆ చెప్పుల కథే మళ్ళీ చెప్పండి."

అమ్మన్నమ్మ ముక్కు చీది మొదలెట్టింది. ఈసారి పోయిన చెప్పులు కొత్తవి.