పేరు గడి

“గాలి పీల్చప్పా... బిగబట్టు... ఊఁ, ఇంగ ఇడ్సు.”

పొద్దున్నుంచి శేషన్న నోట వచ్చిన మాటలు ఇవే. ఆలూరులో ఒక స్కానింగ్ సెంటర్లో పదహారేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్నాడు. ఇప్పుడు ఫిలిం కడిగే పని లేదు. మీట నొక్కితే బొమ్మ బెంగళూరు డాక్టరు దగ్గరికి పోతుంది, అరగంటలో రిపోర్టు వస్తుంది. చుట్టుపక్కల ఊళ్లలో సగంమంది పక్కటెముకలు అతనికి తెలుసు. అన్నం తిన్నావా అని అడిగేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. భార్య వరమ్మ ఉన్నప్పుడు ఇంట్లో “ఇదో” అన్న పిలుపైనా వినపడేది. మూడేళ్లుగా అదీ లేదు.

గిడ్డమ్మ మొగుణ్ణి పట్టుకొని వచ్చింది. ఆయాసంతో అతనికి మాట పెగలడం లేదు.

“ఆయప్ప పేరేందమ్మా?”

గిడ్డమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఉరుకుంద సామి పేరేప్పా.”

మొగుడి పేరు పలకని ఆడవాళ్లు శేషన్నకు కొత్త కాదు. కంప్యూటర్‌కు మాత్రం సిగ్గూ తెలియదు, మర్యాదా తెలియదు. పేరు గడి నిండందే ముందుకు కదలదు. ఉరుకుంద గుళ్లో దేవుడు ఈరన్న కాబట్టి ‘ఈరన్న’ అని కొట్టాడు. ఊరూ వయసూ కూడా కలిసిన పాత ఫైలు ఒకటి తెరుచుకుంది. బొమ్మ తీసి అందులోనే పంపాడు.

రిపోర్టు వచ్చింది. ‘పోయిన నెల బొమ్మతో పోలిస్తే ఊపిరితిత్తి చుట్టూ నీరు పెరగలేదు. తొందరేమీ లేదు.’

శేషన్న రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాడు. పాతదాంట్లో మెడ కింది ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. కొత్తదాంట్లో తిన్నగా ఉంది. ఈయన వేరే మనిషి. ఈరన్న లేని ఇల్లు ఈ ప్రాంతంలో ఎక్కడుంది? ఇంకో మాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోయేవా అని తనను తానే తిట్టుకుంటూ డాక్టరుకు ఫోను చేశాడు.

“అయితే ఈ నీరంతా కొత్తది. వెంటనే పెద్దాసుపత్రికి పంపు. ముందు సరైన పేరు పెట్టు,” అన్నాడాయన.

శేషన్న అంబులెన్సును పిలిచి, బయటికి పరుగెత్తాడు.

“అమ్మా, అసలు పేరు చెప్పు. పానం మీదికొచ్చిండాది.”

గిడ్డమ్మ బల్ల వైపు తిరిగింది. “ఇదో, నువ్వే చెప్పు.” మొగుడు తల గోడకు ఆనించి కూర్చున్నాడు. భుజం తట్టింది. తల పక్కకు ఒరిగింది.

“చిన్న ఈరన్నా!”

పెళ్లయినాక ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదటిసారి. పలకాల్సినవాడు పలకలేదు.

వచ్చిన అంబులెన్సు ఖాళీగా తిరిగిపోయింది. ఆటోలో శవాన్ని తీసుకుపోయాక శేషన్న కంప్యూటర్ ముందు కూర్చొని ఏడ్చాడు. తప్పు ఫైలు వల్ల పోయిన నిమిషాలు తన చేతివే. కొత్త బొమ్మకున్న పేరు గడిలో ‘చిన్న’ అని చేర్చాడు. ఇప్పుడా పేరు అడిగేవాళ్లెవరూ లేరు.

ఎక్స్‌రే గదిలో, తలుపు వెనక మేకుకు, చిన్న ఈరన్న విప్పిన చొక్కా వేలాడుతోంది. గుండీ ఊడినచోట గిడ్డమ్మ పెట్టిన పిన్నీసు ఉంది.